ఐదొందల నోటు చేతికొచ్చినప్పుడు ఏం చూడాలి, ఎలా చూడాలి

ఓసారి బ్యాంకులో డబ్బు కట్టడానికి వెళ్లాను. క్యాషియర్ కట్టను మెషిన్‌లో పెడితే అది గరగరా తిరుగుతూ మధ్యలో ఆగిపోయింది. ఆయన ఒక ఐదొందల నోటు బయటికి తీసి, వేళ్లతో తడిమి, వెలుతురుకి పట్టి, పక్క సీటు ఆవిడకి కూడా చూపించి, నన్ను ఒక్క మాట అడక్కుండా దాని మీద ముద్ర కొట్టేశాడు. "అది నాకిచ్చేయండి సార్, ఇచ్చినవాళ్లకే తిరిగిచ్చేస్తాను" అంటే, "ఒకసారి మా చేతికొచ్చాక ఇవ్వడానికి లేదండీ" అని ఒక రసీదు చేతిలో పెట్టాడు. ఐదొందలు పోయాయి. అంతకన్నా బాధ ఏంటంటే, ఆ నోటు ఎవరిచ్చారో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. రోజుకి ఎంతోమంది వచ్చిపోయే కౌంటర్ మాది.

ఆ రోజు నుంచి నోటు తీసుకునే పద్ధతి మార్చుకున్నాను, ఇక్కడ చెప్పబోయేది అదే. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, మెషిన్ కూడా అక్కర్లేదు. కాకపోతే ఒక్కటే షరతు, చూసేదేదో ఇచ్చినవాళ్లు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడే చూడాలి. వాళ్లు గుమ్మం దాటాక ఎంత బాగా చూసినా ఆ నష్టం మీదే.

ఎక్కువగా ఐదొందల నోటు గురించే చెప్తాను, ఎందుకంటే రెండు వేల నోటును వెనక్కి తీసుకుంటున్నామని 2023 మే 19న ఆర్‌బీఐ ప్రకటించాక మన చేతుల్లో తిరిగే పెద్ద నోటు ఇదే. దొంగ నోట్లు వేసేవాడికి గిట్టుబాటయ్యేదీ ఇదే. పది రూపాయల నోటు కోసం ఎవడూ అంత కష్టపడడు.

ముందు అసలు నోటుతో చెయ్యి అలవాటు చేసుకోండి

చాలామంది దొంగ నోటు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని చూస్తారు. అది తప్పు దారి. దొంగ నోట్లు వంద రకాలుంటాయి, ఒకడు కలర్ జిరాక్స్ తీస్తాడు, ఒకడు ప్రెస్సులో అచ్చు వేస్తాడు, ఒకడు గీత అతికిస్తాడు, ఒకడు ఆ గీతను కూడా రంగుతో గీసేస్తాడు. అసలు నోటు మాత్రం ఒకటే రకం. కాబట్టి బ్యాంకులోనో ఏటీఎంలోనో తీసిన కొత్త ఐదొందల నోటు ఒకటి పక్కన పెట్టుకుని, ఓ పది నిమిషాలు తీరిగ్గా కూర్చుని దాన్ని చూడండి. చూడ్డమంటే కళ్లతో మాత్రమే కాదు, కళ్లు మూసుకుని వేళ్లతో కూడా.

ఈ నోటు 2016లో వచ్చింది. ఆ ఏడాది నవంబర్ 8 రాత్రి పాత ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దు చేశాక తెచ్చినది. రాతి బూడిద రంగు, వెనక ఎర్రకోట, దాని మీద జెండా. పొడవు 150 మిల్లీమీటర్లు, వెడల్పు 66. కొలతలు బట్టీ పట్టక్కర్లేదు. అనుమానం వచ్చినప్పుడు గల్లాపెట్టెలో ఉన్న మంచి నోటు మీద ఈ నోటు పెట్టి నాలుగు మూలలూ సరిచూస్తే చాలు. చేత్తో కోసిన దొంగ నోటైతే అంచు ఒక పక్క కాస్త ఎక్కువో తక్కువో ఉంటుంది, ఒక్కోసారి ముందు వైపు అచ్చు నిటారుగా ఉండి వెనక వైపు అచ్చు కొంచెం ఒరిగి ఉంటుంది.

మొదట వేళ్లు

నా లెక్కలో అన్నిటికన్నా ముందు నమ్మాల్సింది వేళ్లనే, కళ్లను తర్వాత. అసలు నోటు కాగితం మనం రాసుకునే కాగితంలాంటిది కాదు, పత్తితో చేసేది. అందుకే చెమటకి తడిసినా, జేబులో నలిగినా, వంద చేతులు మారినా అంత తొందరగా చిరగదు. కొత్తదైతే పెళపెళలాడుతుంది. పాతదైతే మెత్తబడుతుంది కానీ అది బట్ట మెత్తబడినట్టు ఉంటుంది, పుస్తకం కాగితం నలిగినట్టు ఉండదు. జిరాక్స్ కాగితం మీద వేసిన నోటు నున్నగా, కొంచెం జారుతున్నట్టు, లేదంటే మైనం పూసినట్టు తగులుతుంది. రెండు పల్చటి కాగితాలు అతికించి చేసినదైతే మందంగా ఉంటుంది, మూల దగ్గర గోరుతో గీరితే పొరలు విడిపోతాయి కూడా.

ఇప్పుడు బొటనవేలిని నోటు ముందు వైపు మెల్లగా జరపండి. ఈ చోట్ల ఉబ్బెత్తుగా, గరుగ్గా తగలాలి: మధ్యలో గాంధీ బొమ్మ, కుడి చివర మూడు సింహాల బొమ్మ, దాని పక్కనే ఐదొందలని రాసి ఉన్న గుండ్రటి గుర్తు, ఇంకా నోటు ఎడమ అంచున, కుడి అంచున ఉండే ఐదేసి ఏటవాలు గీతలు. కళ్లు కనిపించనివాళ్లు నోటు విలువ గుర్తుపట్టడానికి పెట్టినవి ఆ గుర్తూ గీతలూ. కానీ నా అనుభవంలో కళ్లున్నవాళ్లకే అవి ఎక్కువ ఉపయోగం, ఎందుకంటే అంచు గీతలు చూడాలంటే నోటు విప్పక్కర్లేదు, లెక్కపెడుతూనే గోరుతో అలా గీస్తే చాలు, గరగరమని తగులుతాయి.

ఆ గరుకు ఎలా వస్తుందంటే, లోహపు పలక మీద బొమ్మను లోతుగా చెక్కి, ఆ గాడుల్లో సిరా నింపి, విపరీతమైన ఒత్తిడితో కాగితాన్ని దానికి అదుముతారు. కాగితం గాడుల్లోకి దిగి సిరాను పైకి లాక్కుంటుంది. ఆ పని చేసే యంత్రాలు నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోని ప్రెస్సుల్లో ఉంటాయి గానీ ఎవడింట్లోనూ ఉండవు. ఇంట్లో ప్రింటర్ వాడు సిరాను పైపైన చల్లుతాడంతే, అందుకే అది చదునుగా ఉంటుంది. కొందరు తెలివిమీరినవాళ్లు ఆ చోట్ల ఏదో పూసి గరుకు తెస్తారనుకోండి, అయినా గాంధీ గారి భుజం దగ్గరా, సింహాల దగ్గరా, అంచు గీతల దగ్గరా ఒకేలాంటి గరుకు తేవడం వాళ్ల వల్ల కాదు.

ఒక జాగ్రత్త. బాగా నలిగిన పాత నోటులో ఈ ఉబ్బు చాలావరకు అరిగిపోతుంది. కాబట్టి గరుకు తగల్లేదని ఒక్క కారణంతో పెద్దాయన ఎవరైనా ఇచ్చిన పాత నోటును దొంగదని అనేయకండి, తర్వాతి పనికి వెళ్లండి.

తడి వేలితో రుద్ది చూడమని కొందరు చెప్తారు. ఇంట్లో ప్రింటర్‌లో వేసినదైతే రంగు అంటుకుంటుంది, నిజమే. కానీ ప్రెస్సులో వేసిన దొంగ నోటు అంటుకోదు. అంటే రంగు వస్తే దొంగదని తెలుస్తుంది, రాకపోతే మాత్రం ఏమీ తెలియదు. ఇదొక్కటే నమ్ముకుని కూర్చున్నవాళ్లు మోసపోవడం నాకు తెలుసు.

తర్వాత నోటును వంచడం

ఒకే ఒక్కటి చూసే టైమ్ ఉంటే ఇదే చూడండి. నోటు ముందు వైపు, కుడి పక్కన కింద, రూపాయి గుర్తుతో 500 అని పెద్ద అంకె ఉంటుంది. నోటును తిన్నగా పట్టుకుంటే అది ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇప్పుడు పై అంచును మీ వైపుకో, అవతలికో మెల్లగా వంచండి. పచ్చ కాస్తా నీలంగా మారాలి. మళ్లీ వెనక్కి వంచితే మళ్లీ పచ్చ. గాంధీ బొమ్మకు కుడి పక్కన నిలువుగా ఉండే మెరిసే గీత కూడా అంతే, పచ్చ నుంచి నీలానికి మారాలి. ఆ గీత మీద హిందీ లిపిలో భారత్ అని, ఇంగ్లీషులో ఆర్‌బీఐ అని ఉంటుంది, దగ్గర పెట్టుకుంటే చదవచ్చు.

ఇది ఎందుకు అంత గట్టి పరీక్షో చెప్తాను. ఆ సిరాలో ఉండే సన్నటి రేకులు ఒక్కో కోణం నుంచి ఒక్కో రంగు వెలుతురును తిప్పి కొడతాయి. స్కానర్‌కి, జిరాక్స్ మెషిన్‌కి కనిపించేది ఒకే కోణం. అందుకని అవి పచ్చనైనా తీసుకోగలవు, నీలాన్నైనా తీసుకోగలవు, మారడాన్ని మాత్రం తీసుకోలేవు. దొంగ నోట్లో ఆ అంకె ఎటు వంచినా ఒకటే పచ్చగా ఉండిపోతుంది. కొంతమంది తళుకు పొడి కలిపిన రంగు వేస్తారు, అది మెరుస్తుంది, మెరుపు చూసి మనం సరేననుకుంటాం. మెరవడం వేరు, రంగు మారడం వేరు. ట్యూబ్‌లైట్ కింద తేడా తెలియకపోతే రెండు అడుగులు బయటికి నడిచి పగటి వెలుతురులో వంచి చూడండి.

ఈ గీత గురించే ఒక పుకారు వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతోంది. పచ్చ గీత గాంధీ బొమ్మకు దగ్గరగా ఉంటే ఆ నోటు దొంగదట, గవర్నర్ సంతకం వైపు ఉంటేనే అసలుదట. ఇది అబద్ధం. ఆ గీత కాస్త అటూ ఇటూ పడుతుంది, రెండు రకాలూ చెల్లుతాయని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లే చెప్పారు. అయినా ఇప్పటికీ కౌంటర్ దగ్గర దీని మీద గొడవలు జరుగుతూనే ఉంటాయి. నోటులో చిప్ ఉంటుందని 2016లో తిరిగిన కబురు గుర్తుందా, ఇది దానికి తమ్ముడు.

ఇక వెలుతురుకి పట్టడం

అందరూ మొదట చేసే పని ఇది, నేను మాత్రం మూడోదిగా పెట్టుకుంటాను. కుడి వైపు ఖాళీగా తెల్లగా కనిపించే చోట, వెలుతురుకి పడితే గాంధీ బొమ్మ, పక్కన 500 అంకె కనిపించాలి. అది అచ్చు వేసినది కాదు, కాగితం తయారయ్యేటప్పుడే కొన్ని చోట్ల మందంగా, కొన్ని చోట్ల పల్చగా ఉంచడం వల్ల వచ్చే బొమ్మ. కాబట్టి ముఖంలో వెలుగూ నీడా ఒకదాంట్లోంచి ఒకటి మెల్లగా కలిసిపోతూ ఉంటాయి, గట్టి గీతలుండవు.

దొంగ నోట్లో కూడా ఈ చోట గాంధీ బొమ్మ ఉంటుంది. అందుకే "పైకెత్తి చూశాను, గాంధీ కనిపించాడు, తీసుకున్నాను" అనేవాళ్లే ఎక్కువగా దెబ్బ తింటారు. తేడా ఎక్కడ పట్టుకోవాలంటే, ముందు నోటును బల్ల మీద చదునుగా పెట్టి చూడండి. వెలుతురుకి పట్టకముందే ఆ బొమ్మ బూడిద రంగులోనో, జిడ్డు మరకలాగో స్పష్టంగా కనిపిస్తోందంటే దాన్ని పైన అచ్చు వేసినట్టే. అసలుది బల్ల మీద పెట్టినప్పుడు దాదాపు కనిపించదు, ఎత్తితేనే బయటపడుతుంది. ఇంకోటి, దొంగ బొమ్మలో ముఖం పెన్సిల్‌తో గీసినట్టు అంచులు కట్టి ఉంటుంది.

నోటు ఎత్తి పట్టుకున్నారు కదా, చెయ్యి దించకుండానే ఇంకో రెండు చూసేయండి. ముందు వైపు గీత ముక్కలు ముక్కలుగా పైకి తేలి కనిపిస్తుంది గానీ వెలుతురులో మాత్రం పై నుంచి కింది దాకా తెగకుండా ఒకే పట్టీలా కనిపించాలి. ఎందుకంటే అది కాగితం లోపల కుట్టినట్టు లోపలికీ బయటికీ వెళ్తుంది. పైన రంగు పూసిన గీతైతే వెలుతురులో కూడా ముక్కలుగానే ఉంటుంది. రెండోది, ఎడమ వైపు ఒక చిన్న బొమ్మలో 500 అంకె సగం ముందు, సగం వెనక అచ్చు వేసి ఉంటుంది. వెలుతురులో రెండు సగాలూ అతుక్కుని నిండు అంకె అవ్వాలి. రెండు వైపులా విడివిడిగా అచ్చు వేసినవాడికి ఈ రెండు సగాలు కలపడం మహా కష్టం, వెంట్రుక వాసి జరిగినా తెలిసిపోతుంది.

ఇంతవరకు తడమడం, వంచడం, ఎత్తడం. అలవాటైతే మూడూ కలిపి ఐదు సెకన్లు. మాట్లాడుతూనే, చిల్లర వెతుకుతూనే చేసేయొచ్చు, ఎదుటివాళ్లకి మీరు పరీక్షిస్తున్నట్టు కూడా తెలియదు. అనుమానం తీరకపోతేనే కింద చెప్పేవి చూడాలి.

అనుమానం మిగిలితే అంకెలు, అక్షరాలు

నోటు నంబర్ రెండు చోట్ల ఉంటుంది, ఎడమ వైపు పైన, కుడి వైపు కింద. రెండూ ఒకటేనా కాదా చూడండి. మొదటి మూడు అక్షరాలు, అంకెలు ఒకే సైజులో ఉండి, ఆ తర్వాతి అంకెలు చిన్న నుంచి పెద్దకి క్రమంగా పెరుగుతూ పోవాలి. దొంగ నోట్లలో చాలాసార్లు ఈ పెరుగుదల తడబడుతుంది, ఒక అంకె కిందికి జారినట్టో, రెండు అంకెల మధ్య సందు ఎక్కువైనట్టో ఉంటుంది. కట్టలో నాలుగైదు అనుమానం నోట్లుంటే వాటి నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి. దొంగ నోట్లు వేసేవాడు ఒక నోటును చూసి వందలు తీస్తాడు కాబట్టి అదే నంబర్ మళ్లీ మళ్లీ వస్తుంది. అసలు నోట్లలో ఒకే నంబర్ రెండుసార్లు వచ్చినా, నంబర్ వెనక లేతగా ఉండే ఇంగ్లీషు అక్షరమో, అచ్చయిన సంవత్సరమో, గవర్నర్ సంతకమో వేరుగా ఉంటుంది. అవి కూడా అన్నీ ఒకటే అయితే ఇంతకన్నా తిరుగులేని సాక్ష్యం ఇంకోటి లేదు.

వెనక్కి తిప్పితే ఎడమ వైపు భాషల పట్టీ ఉంటుంది, 15 భాషల్లో ఐదు వందల రూపాయలని. ఇంగ్లీషు అక్షరమాల వరసలో పెట్టారు కాబట్టి మన తెలుగు కింద నుంచి రెండోది, దాని కింద ఉర్దూ, పైన తమిళం. మన భాష మనకి తెలిసినంత బాగా దొంగ నోట్లు వేసేవాడికి తెలియకపోవచ్చు. తెలుగు లైనును ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి. వత్తులు, గుడులు విడిగా స్పష్టంగా ఉండాలి. స్కాన్ చేసి తీసినదైతే అక్షరాల గుండ్రాలు పూడుకుపోయి చీమల బారులా కనిపిస్తాయి. అదే పక్కన నోటు అచ్చయిన సంవత్సరం కూడా ఉంటుంది. ఈ నోటు పుట్టిందే 2016లో కాబట్టి అంతకన్నా ముందు సంవత్సరం ఉంటే ఇంక చూసేదేమీ లేదు.

ముందు వైపు గాంధీ బొమ్మ పక్కన హిందీ లిపిలో భారత్, ఇంగ్లీషులో ఇండియా అని ఎంతో సన్నటి అక్షరాలు ఉంటాయి. మామూలు కంటికి గీతలాగే కనిపిస్తాయి. ఫోన్‌లో జూమ్ చేస్తే, లేదా వాచీలు బాగుచేసేవాళ్ల దగ్గరుండే భూతద్దంలాంటిది దొరికితే, చదవగలగాలి. దొంగదాంట్లో అక్కడ చుక్కల వరసే ఉంటుంది. ఇదే జూమ్‌లో ఇంకోటి కూడా తెలుస్తుంది: ఇంట్లో ప్రింటర్ నోటైతే రంగులు చిన్న చిన్న చుక్కలు కలిసి ఏర్పడతాయి, అసలు నోటులో సన్నటి గీతలు తెగకుండా నడుస్తాయి.

దాగి ఉండే 500 అంకె ఒకటుంది. నోటును కంటి ఎత్తులో దాదాపు అడ్డంగా పట్టుకుని, ఏటవాలుగా చూస్తే ఎడమ వైపున మెరుస్తున్నట్టు బయటపడుతుంది. నిజం చెప్పాలంటే కౌంటర్ దగ్గర దీన్ని నేనెప్పుడూ వాడలేదు, వెలుతురు సరిగ్గా పడాలి, కన్ను అలవాటవ్వాలి. ఇంట్లో సరదాకి చూడండి.

స్పెల్లింగులు చదవడం మాత్రం సరదా కాదు. రిజర్వ్ అనే ఇంగ్లీషు మాటలో E బదులు A పడి RESARVE అని ఉన్న ఐదొందల దొంగ నోట్లు తిరుగుతున్నాయని 2025లో కేంద్రం హెచ్చరించినట్టు వార్తలొచ్చాయి. అంత బాగా నోటు వేసి అక్షరం దగ్గర దొరికిపోయారన్నమాట. ఇక చిల్డ్రన్ బ్యాంక్, మనోరంజన్ బ్యాంక్ అని రాసి ఉండే ఆట నోట్లు, సినిమా షూటింగ్ నోట్లు కూడా కట్టల మధ్యలో పెట్టి అంటగట్టేవాళ్లున్నారు. వాటిని పట్టుకోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, చదివితే చాలు, కానీ చదవం కదా. పైనా కిందా అసలు నోట్లుండి మధ్యలో ఇవి ఉంటాయి, మనం కట్ట అంచు మాత్రమే టకటకా లెక్కపెట్టేస్తాం. పొలం అమ్మిన డబ్బో, చీటీ డబ్బో, బండి అమ్మిన డబ్బో పెద్ద మొత్తం నోట్లలో తీసుకుంటుంటే మొహమాటం పక్కన పెట్టి రబ్బరు తీసి, ఒక్కో నోటూ మొహం కనిపించేలా తిప్పుతూ లెక్కపెట్టుకోండి. ఇంకా మంచిది, ఇద్దరూ కలిసి బ్యాంకుకి వెళ్లి అక్కడే ఖాతాలో వేయించుకోండి.

యూవీ లైట్లు, యాప్‌లు

చిన్న యూవీ లైట్, అంటే అతినీలలోహిత కాంతి వేసే దీపం, కౌంటర్ దగ్గర పెట్టుకోవడం మంచిదే. దాని కింద అసలు నోటు కాగితం వెలగకుండా మసకగానే ఉంటుంది, నోటు నంబర్లు మాత్రం వెలుగుతాయి, కాగితంలో అక్కడక్కడా సన్నటి రంగు నూలు పోగులు మెరుస్తాయి. మామూలు కాగితమైతే తెల్లదనం కోసం వేసిన రసాయనాల వల్ల నోటు మొత్తం నీలంగా, తెల్లగా భగ్గుమంటుంది. అయితే జేబులో మరిచిపోయి చొక్కాతో పాటు ఉతికేసిన నోటు కూడా అలాగే వెలగొచ్చు, సబ్బు పొడిలోనూ అలాంటి రసాయనాలే ఉంటాయి. అప్పుడు మళ్లీ వేళ్లు, వంపు, వెలుతురు చూసుకోవాలి. ఫోన్ టార్చ్ యూవీ కాదు, దాని మీద నీలం కాగితం అంటించి చూడమనే వీడియోలు చూసి మోసపోకండి.

ఆర్‌బీఐ వాళ్ల మణి అనే యాప్ ఒకటుంది, 2020 జనవరి 1న తెచ్చారు. చాలామంది అది దొంగ నోట్లు పట్టే యాప్ అనుకుంటారు. కాదు. కళ్లు కనిపించనివాళ్లకి ఇది ఎంత నోటో చెప్పడానికి చేసినది, అసలుదా నకిలీదా అన్నది చెప్పదని వాళ్లే స్పష్టంగా చెప్పారు. నోటు ఫోటో తీస్తే అసలుదో కాదో చెప్తామనే వేరే యాప్‌ల జోలికి అసలు పోకండి, ఫోటోకి గరుకు తెలియదు, రంగు మారడమూ తెలియదు.

మిగతా నోట్లు, ఊరికే భయపెట్టేవి

రెండొందల నోటు పసుపు రంగు, వెనక సాంచి స్తూపం. దీనిక్కూడా అంకె పచ్చ నుంచి నీలానికి మారుతుంది, అంచుల్లో నాలుగు గీతలు, వాటి మధ్యలో రెండు గుండ్రటి గుర్తులు. వంద నోటు లావెండర్ రంగుది, వెనక గుజరాత్‌లోని రాణీ కీ వావ్ మెట్ల బావి, అంచుల్లో నాలుగు గీతలు. దీనిలో గీత రంగు మారుతుంది గానీ 100 అంకె మారదు, దాన్ని వంచి వంచి టెన్షన్ పడకండి. పాత నీలం రంగు వంద నోట్లు కూడా చెల్లుతాయి.

నంబర్ మధ్యలో నక్షత్రం గుర్తున్న నోటు అసలు నోటే. అచ్చులో పాడైన నోటు తీసేసి దాని బదులు పెట్టేటప్పుడు అలా నక్షత్రం వేస్తారు. దీని మీద కూడా పుకార్లు లేస్తే 2023 జులైలో ఆర్‌బీఐ వివరణ ఇచ్చింది. నంబర్ వెనక లేతగా ఇంగ్లీషు అక్షరం ఒక నోటులో ఉండి ఇంకోదాంట్లో లేకపోవడం, గవర్నర్ సంతకాలు వేరు వేరుగా ఉండడం కూడా మామూలే. పెన్నుతో గీతలు గీసిన నోటు అసహ్యంగా ఉంటుంది గానీ చెల్లుతుంది. ఇంకో మాట, పది రూపాయల నాణేలు తీసుకోబోమని గొడవపడేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు, 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని ఆర్‌బీఐ 2018లోనే చెప్పింది.

పట్టుకున్నాక ఏం చేయాలి

ఇచ్చినవాళ్లు ఎదురుగానే ఉంటే, "అండీ, ఇది కొంచెం తేడాగా ఉంది, ఇంకో నోటు ఇవ్వండి" అంటే సరిపోతుంది. దొంగ అని అరవకండి. పదిమందిలో తొమ్మిది మంది మీలాగే ఎవరో అంటగడితే మోసపోయినవాళ్లే ఉంటారు. వేరే నోటు కూడా అలాంటిదే వస్తే, లేదా పర్సులో అన్నీ ఒకేలా ఉంటే మాత్రం ఫోన్ పే చేయమనండి, కుదరదంటే సరుకు ఇవ్వకండి, మనిషి పోలికలు, బండి నంబర్ గుర్తుపెట్టుకుని పోలీసులకి చెప్పండి. మీరే వెంటపడి పట్టుకోవాలని చూడొద్దు.

తర్వాత తెలిస్తే ఏం చేయాలన్నదే కష్టమైన ప్రశ్న. మనసు ముందు చెప్పేది ఒకటే, చీకటి పడ్డాక సంతలోనో బంకులోనో మెల్లగా తోసేద్దామని. నాకూ వచ్చింది ఆ ఆలోచన. చేయకండి. దొంగదని తెలిసీ అసలుదిలా చెలామణీ చేయడం భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షన్ కింద పెద్ద నేరం, పదేళ్ల దాకా జైలు, యావజ్జీవం కూడా పడొచ్చు. మార్చే ఉద్దేశంతో దగ్గర పెట్టుకోవడం 180వ సెక్షన్, ఏడేళ్ల దాకా. మీకు న్యాయమైన దారిలోనే వచ్చిందని రుజువు చేయగలిగితే ఆ సెక్షన్ కింద నేరం కాదని అందులోనే రాసి ఉంది, కాబట్టి బిల్లు బుక్కు, ఆ రోజు లెక్క రాసిన పుస్తకం జాగ్రత్తగా ఉంచుకోండి.

నోటును విడిగా ఒక కవర్‌లో పెట్టి బ్యాంకుకి తీసుకెళ్లండి. వాళ్లు నకిలీదని తేల్చుకుంటే ముద్ర వేసి ఉంచేసుకుంటారు, దాని విలువ మీకు రాదు, నోటూ తిరిగి రాదు. ఉంచుకున్నందుకు రసీదు ఇవ్వడం వాళ్ల బాధ్యత, ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఒకే విడతలో నాలుగు దాకా దొరికితే బ్యాంకు నెలాఖరు నివేదికలో కలిపి పోలీసులకి పంపిస్తుంది. ఐదు లేదా అంతకన్నా ఎక్కువైతే వెంటనే పోలీసులకి ఇచ్చి కేసు పెట్టించాలి, అది వాళ్లకున్న రూలు, మీ మీద కక్ష కాదు. అందుకే కట్ట కట్టేముందే ఇంట్లో చూసుకోవడం మంచిది, ఐదు నోట్లు ఒకేసారి క్యాషియర్ ముందు బయటపడితే ఆ రోజు మీ పనులన్నీ ఆగిపోతాయి.

ఏటీఎంలో అనుమానం నోటు వస్తే అక్కడి నుంచి కదలకండి. స్లిప్ తీసుకోండి, నోటు ముందూ వెనకా నంబర్ కనిపించేలా అక్కడి కెమెరా వైపు కాసేపు పట్టుకోండి, సెక్యూరిటీ మనిషి ఉంటే చూపించండి, అక్కడే ఫోన్‌తో ఫోటో తీసి బ్యాంకుకి ఫిర్యాదు చేసి నంబర్ రాసుకోండి. బయటికొచ్చి టీ తాగి మళ్లీ వెళ్తే అది ఏటీఎంలోంచే వచ్చిందని నమ్మించడం చాలా కష్టం.